నా కుండలో ఆల్చిప్పలు

చైత్రం. లోతు: సున్నా. కడుపు: బాగానే ఉంది.

మునగని రోజు కూడా మునక పుస్తకంలో ఏదో ఒకటి రాసి తీరాలని మా మునకవాళ్ళ సంఘం పట్టు. లోతు అన్నచోట సున్నా పెట్టి, ఎందుకు దిగలేదో కింద రాయాలి. సరే, రాస్తున్నాను, చదివేవాళ్ళు చదువుకోండి. నా పేరు వరహాలు. సముద్రంలో తెప్పల మీద తేలే ఊరు మా తెప్పలపేట, దాని లంగరు దగ్గర మునకపని నాది. నా నెత్తుటిలో హెపటైటిస్ సి దొరికింది, అందుకని దిగలేదు.

ఎక్కణ్ణించి వచ్చిందంటే, పచ్చబొట్టు సూది నుంచి. దరి మీద తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు మోచేతి మీద నరసమ్మ వదిన పేరు పొడిపించుకున్నాను. వదిన మా అన్న భార్య, నా మునక జత. జతలన్నాక పేర్లు పొడిపించుకోవడం మామూలే, సూది కడగని మహానుభావుడు నాకే దొరికాడు. సీజనుకి ముందు చేసే నెత్తుటి పరీక్షలో బయటపడింది కాబట్టి వదిన బతికిపోయింది.

మేం గాలి సీసాలు వీపున వేసుకుని దిగం. మొప్పతో దిగుతాం. అది నీళ్ళలోంచి గాలి తీసి మా నెత్తుటిలోకి ఎక్కిస్తుంది. ఇద్దరికీ ఒకటే మొప్ప, ఇద్దరి నెత్తురూ ఆ ఒక్క పెట్టెలోంచే తిరుగుతుంది. ఒకరు స్పృహ తప్పినా రెండోవాళ్ళ గుండె ఇద్దరినీ పైకి తెస్తుంది. అలాంటి పెట్టెలోకి నా నెత్తురు ఇప్పుడు రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

కార్తీకం తుఫానులకి ముందే ఊరి లంగరు విప్పి, తెప్పలన్నిటినీ ఉత్తరానికి లాక్కుపోతారు. ఆ లంగరు విప్పే జత మేమిద్దరమే. ఆ వేళకి నా నెత్తురు శుభ్రపడకపోతే వదిన పక్కన గంగరాజు దిగుతాడు. లంగరు దగ్గర ఒకసారి జత మారిందంటే ఇక మారిందే, అది మా ఊరి కట్టు. గంగరాజు! నీళ్ళలో కన్నా మాటల్లో ఎక్కువ ఈదే మనిషి.

డాక్టరు ఇందుమతి గారు రోజుకో బిళ్ళ ఇచ్చారు. ఆవిడా ఈ తెప్పల మీదే పుట్టి పెరిగిన మనిషి. 

"ఏదైనా తిన్నాకే మింగు. ఈ బిళ్ళ కరగాలంటే కడుపులో పులుపు ఉండాలి. గ్యాసు బిళ్ళలు, సోడా పొడులు ఏవైనా వాడుతున్నావా?" అని అడిగారు.

"జన్మలో వాడలేదండీ" అన్నాను గొప్పగా. 

"కల్లు బంద్. పచ్చి ఆల్చిప్పలు బంద్. నన్నడక్కుండా ఆకుపసర్లు కూడా తాగకు. అందరితో కలిసి తిను, ఇది పళ్ళెం వల్లా గ్లాసు వల్లా అంటుకునే జబ్బు కాదు."

ఇంతేనా అనుకున్నాను. ముప్ఫై బారల లోతులో సొరచేపని మోచేత్తో పొడిచినదాన్ని, బిళ్ళ మింగలేనా?

చైత్రం చివర. లోతు: సున్నా. కడుపు: తిరుగుతోంది.

మింగలేకపోతున్నాను.

బిళ్ళ మింగిన గంటకి మొదలవుతుంది. పొట్టలో ఎవరో కూర్చుని తెడ్డు వేస్తున్నట్టు ఉంటుంది. నోట్లో ఇనప రుచి. పక్క తెప్ప మీద ఎవరో ఉప్పుచేప వేయిస్తే పరుగున వెళ్ళి అంచు మీద వంగాను. పుట్టి బుద్ధెరిగాక నాకు ఓడలో వాంతి రాలేదు. సముద్రం నవ్విపోదూ!

మా ఆయన సన్యాసిరావు వంట బాగా చేస్తాడు, కాకపోతే ప్రేమ ఎక్కువైతే నూనె ఎక్కువ పోస్తాడు. నేను చిక్కిపోతున్నానని గుమ్మడి బూరెలు వండి, వేడివేడిగా పళ్ళెంనిండా తెచ్చి ముందు పెట్టాడు. ఆ వాసనకి పళ్ళేన్ని ఎత్తి సముద్రంలో పారేసాను. పళ్ళెంతో సహా.

"బూరెలు పారేసినా సరే గానీ, పల్లెమేటి సేసింది నిన్ను?" అన్నాడు. తరవాత తనే దూకి దాన్ని తెచ్చుకున్నాడు.

ఊరివాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. మా తెప్పలపేటలో జబ్బుమనిషి ఇంటికి ఉత్త చేతులతో రారు. కాల్చిన ఆల్చిప్ప ముక్క ఒకటి తెస్తారు. దాన్ని ఆ మనిషి తాగే కుండలో వేసి, "సల్లగుండు తల్లీ" అని నెత్తి మీద చెయ్యి పెడతారు. పొగమంచుని వలల్లో పట్టి పిండిన నీళ్ళు కదా మావి, వట్టి చప్పన. చిప్ప వేస్తే తేటపడి ఒంటికి పడతాయని ముత్తాతల కాలం నుంచీ నమ్మకం. జబ్బుమనిషి కుండలో నీళ్ళు ఇంకెవరూ ముట్టరు, ఆ దీవెనంతా ఆ మనిషికే చెందాలని. మంచివాళ్ళు మా వాళ్ళు. వాంతులంటే నలుగురు వచ్చారు, విరోచనాలని తెలిస్తే ఊరు ఊరే దిగుతుంది కాబోలు.

వైశాఖం. లోతు: సున్నా. కడుపు: దారికొస్తోంది.

విరోచనాలు కూడా అయ్యాయి. ఊరు ఊరే దిగింది.

అయితేనేం, దీని తత్వం పట్టుకున్నాను. సముద్రంలో పోటు ఎప్పుడొస్తుందో తెలిసినవాడు మునగడు, అలాగే ఇదీను. పొద్దున్న పక్క మీంచి లేవకముందే రెండు పేలాలు నమలాలి. ఖాళీ కడుపుతో కాలు కింద పెట్టామా, పని అయిపోయింది. అల్లం ముక్క దవడన పెట్టుకుంటే తిప్పు సగం అణుగుతుంది. అన్నం ఒక్కసారే కుంభం కుమ్మరించుకోకుండా చిన్న గిన్నెతో మాటిమాటికీ తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. వేడి తగ్గాక తింటే వాసన ఉండదు, వాసన లేకపోతే వాంతి లేదు. నీళ్ళ విరోచనాలైన రోజు డాక్టరు గారి దగ్గర తెచ్చిన ఉప్పు చక్కెర పొడి కలుపుకుని గుక్కగుక్కగా తాగాలి. అరటిపండు, మెత్తటి అన్నం, పల్చటి పెసరకట్టు. కారం మాట తలవకూడదు. ఆ మాట రాస్తుంటేనే ఏడుపొస్తోంది.

సన్యాసిరావు పొయ్యిని గాలి దిగువకి, మా అన్న తెప్ప మీదికి మార్చేసాడు. అక్కడ వండి, చల్లార్చి, గిన్నెలో పట్టుకొస్తాడు. పొద్దున్న రాగిజావ ఇచ్చి నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు, పరీక్ష రాసి ఫలితం కోసం చూసేవాడిలాగ. తాగాను. నిలిచింది. లేచి చిందేసాడు, తెప్ప ఊగిపోయింది.

దానికి తోడు ఇవాళ నెత్తుటి పరీక్షలో వైరసు లెక్క సగానికి సగం పడిపోయింది! వదిన నన్నెత్తి గిర్రున తిప్పింది. కడుపు తిరిగింది గానీ ఊరుకున్నాను.

జ్యేష్ఠం. లోతు: సున్నా. కడుపు: ఫరవాలేదు. మనసు: బాగోలేదు.

లెక్క ఆగిపోయింది.

పోయినవారం ఎంతో ఈ వారమూ అంతే. డాక్టరు గారు "చూద్దాం" అన్నారు. డాక్టర్లు చూద్దామన్నారంటే నాకు భయం.

ఆవిడ స్వయంగా ఇంటికి వచ్చి నేను తినేవన్నీ ఒక్కొక్కటీ అడిగారు. జావ, పెసరకట్టు, అరటిపండు, అల్లం. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ కూడా కుండలో చిప్ప ముక్క వేసి నా నెత్తి మీద చెయ్యి పెట్టారు.

సాయంత్రం గంగరాజు వచ్చాడు, అరచేయంత చిప్పతో. "ఊర్లో ఇంత పెద్దది ఇంకెవరూ తెచ్చుండరు" అన్నాడు. అదీ గొప్పే వాడికి. గొంతు తగ్గించి, "నువ్వు కోలుకోవాలనే తెచ్చానొదినా, నీ సోటు కోసం కాదు" అన్నాడు. నిజమే చెప్పాడనిపించింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది.

నోరు కూడా మండుతోంది. నీళ్ళు తాగినా నాలిక చుర్రుమంటోంది. మందు గుణమే అయ్యుంటుంది.

జ్యేష్ఠం చివర. లోతు: సున్నా.

లెక్క పెరిగింది. కొంచెమే, కానీ పెరిగింది.

"నిజం చెప్పు వరహాలూ. వాంతికి భయపడి బిళ్ళ మానేస్తున్నావా?" అని అడిగారు డాక్టరు గారు.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, బల్ల మీద గుద్దితే ఆవిడ కళ్ళజోడు ఎగిరి కింద పడింది. "ఒక్క పూట మానితే నా నోట్లో పురుగులు పడాల! మీ ముందే మింగుతాను, రోజూ రండి, నా గొంతులో దీపం ఎట్టి సూసుకోండి!"

ఆవిడ కళ్ళజోడు తీసుకుని తుడుచుకున్నారు. కోప్పడలేదు. "నమ్ముతున్నాను. కానీ నీ ఒంట్లోకి మందు సరిగ్గా ఎక్కడం లేదు. అరాకొరా మందు వైరసుకి అలవాటైపోతే ఇక ఈ బిళ్ళ పనిచెయ్యదు. వచ్చేవారం కూడా తగ్గకపోతే ఆపేయాల్సిందే. వేరే మందు తెచ్చే ఓడ వానలు వెళ్ళాక గానీ రాదు" అన్నారు.

వానలు వెళ్ళాక అంటే లంగరు ఎత్తేసాక. అప్పటిదాకా వైరసు నా కాలేయాన్ని తింటూ కూర్చుంటుంది. 

తిరిగి వస్తుంటే మునకల రేవులో వదినా, గంగరాజూ పక్కపక్కన కూర్చుని ఊపిరి పట్టడం సాధన చేస్తున్నారు. సంఘం చెయ్యమంది కాబట్టి చేస్తోంది, వదిన తప్పేం లేదు. అయినా ఆ చోటు నాది. వదిన ఎడం భుజం పక్కన ఆ జానెడు చోటు నాది. ఇంటికొచ్చి ఏడ్చాను. సన్యాసిరావు పక్కన కూర్చుని వెన్ను నిమిరాడు. సంగతి ఎలా పాకిందో, గంటలో పదిమంది చిప్పలతో వచ్చేసారు.

అదే వారం. లోతు: సున్నా. కానీ చదవండి.

ఇవాళ పైడమ్మత్త వచ్చింది. మా అత్తగారు. నన్ను చూడగానే, "ఈ పిల్లకి ఊరి దిష్టంతా తగిలీసింది. ఎర్రనీల్లు తియ్యాల్సిందే" అని తీర్మానించేసింది.

దిష్టి నీళ్ళంటే పసుపూ సున్నమూ కలిపితే ఎర్రగా అవుతాయి కదా, అవి. అత్త కొంగున పసుపు కట్టుకొచ్చింది. పొగమంచు నీళ్ళు వచ్చే ఊరి కుళాయి ఆ పూట రావడం లేదు. "దిష్టి దీనిది, నీల్లూ దీనివే అయితే మరీ మంచిది" అని నా కుండలోంచే ఒక గ్లాసుడు పళ్ళెంలో పోసి, పసుపు చిటికెడు వేసి, వేలితో కలిపి, "ఒరే సన్నాసీ, నా ఆకుల డబ్బీలో సున్నముంది, అట్రా" అంది.

సన్యాసిరావు డబ్బీ తెచ్చేసరికి పళ్ళెంలో నీళ్ళు నెత్తురులా ఉన్నాయి.

"ఒలమ్మో! సున్నం ఇంకా ఎయ్యనేదే! ఇదేటే, ఇలాగ ఎర్రబడిపోనాది? ఎంత దిష్టే నీకు!" అత్త గుండెలు బాదుకుంది.

నేను పళ్ళెం వైపు చూసాను. కుండ వైపు చూసాను. లేచి వెళ్ళి కుండలో చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా తెల్లటి మడ్డి. ఊరంతా వేసిన చిప్పలు కరిగి, జానెడు మందాన పేరుకుని ఉన్నాయి.

ఆల్చిప్పలు కాలిస్తే సున్నం అవుతుందని తెప్పలపేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆకులో రాసుకునే గుల్ల సున్నం ఎక్కణ్ణించి వస్తుందనుకున్నారు? కానీ కుండలో వేస్తే మాకది సున్నం కాదు, దీవెన. ఇంట్లో మామూలు కుండలో ఏడాదికో ముక్క పడుతుంది, దాంతో ఎవరికీ ఏమీ కాదు. నా కుండలో మాత్రం చైత్రం నుంచి ఊరి ప్రేమంతా పడింది. రోజూ ఆ సున్నపు తేటతోనే, గ్లాసుడికి గ్లాసుడు, ఆ బిళ్ళని మింగుతున్నాను. కడుపులో పులుపు ఉంటేనే కరిగే బిళ్ళ, ఆ పులుపుని విరిచేసే సున్నం!

నేను కక్కిన కొద్దీ ఊరు చిప్పలు తెచ్చింది. ఊరు చిప్పలు తెచ్చిన కొద్దీ మందు పనిచెయ్యడం మానేసింది.

"అత్తా, నువ్వు దేవతవి!" అని ఆవిణ్ణి ముద్దు పెట్టుకుని, ఆ ఎర్రటి పళ్ళెం పట్టుకుని పరుగెత్తాను. నాలుగు తెప్పలు దూకి డాక్టరు గారింటికి చేరేసరికి పళ్ళెంలో సగమే మిగిలింది. ఆ సగం చాలింది. నేను చెప్పింది ఆవిడ పళ్ళెం చూస్తూ విన్నారు. తరవాత నుదురు కొట్టుకుని, "నేనూ ఒకటి వేసాను వరహాలూ. నా చేత్తో నేను వేసాను" అన్నారు.

"పెద్దదేం కాదులెండి. గంగరాజుది చూడండి ముందు" అన్నాను.

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం.

ఆషాఢం. లోతు: సున్నా. కడుపు: బాగానే ఉంది. లెక్క: పడింది!

కుళాయి నీళ్ళు కాచి చల్లార్చి తాగుతున్నాను. చప్పగా, ఏ దీవెనా లేకుండా, అమృతంలా ఉన్నాయి. నోటి మంట పోయింది. ఇన్నాళ్ళూ మందుని ఊరికే ఆడిపోసుకున్నాను.

వారం తిరగకుండా లెక్క పడింది. రెండోవారం ఇంకా పడింది. మూడోవారం యంత్రం అంకె చూపించలేదు, "కనపడలేదు" అని చూపించింది. ఆ మాట మూడుసార్లు చదివించుకున్నాను.

మొదట్లో మందు సరిగ్గా అందలేదు కాబట్టి ఇంకో వారం మింగాలట. మింగుతాను. తిప్పు ఇంకా ఉంది గానీ దాని వేళలు నాకు తెలుసు. పేలాలు, అల్లం, చల్లారిన జావ. వచ్చిపోయే చుట్టమే అనుకుంటే పోయె.

చిప్పల సంగతి ఊరికి చెప్పడమే కష్టమైంది. నా ప్రేమ నీకు విషమైందా అని బాధపడతారు కదా. వదిన రేవులో నిలబడి గట్టిగా చెప్పింది: "ఎవుల తప్పూ కాదు. మీరెంత పేముగా సూసుకున్నారో ఆ కుండలో జానెడు లోతున కనిపించింది. ఇకనించి జబ్బుమనిసి కుండలో ఎయ్యకండి. గుమ్మంలో ఎట్టండి."

కుండలో మడ్డిని పారేయడానికి నాకు మనసొప్పలేదు. అందులో అందరూ ఉన్నారు. నీళ్ళు కలిపి, చీపురు ముంచి, మా ఇంటి గోడకి వెల్ల వేసాను. ఊరి మొత్తం మీద తెల్లటి ఇల్లు మాదొక్కటే.

ఆశ్వయుజం చివర. లోతు: సున్నా. ఇదే ఆఖరి సున్నా.

బిళ్ళలు ఆపి మూడు నెలలైంది. ఆపాక కూడా వైరసు తిరిగి రాకపోతేనే నయమైనట్టని డాక్టరు గారు ముందే చెప్పారు. ఈ మూడు నెలలూ వదిన గంగరాజుతో సాధన చేస్తూనే ఉంది, నేను ఒడ్డున కూర్చుని ఇద్దరి తప్పులూ ఎంచుతూనే ఉన్నాను.

ఇవాళ పరీక్ష. యంత్రం గుర్రుగుర్రుమంటూ తేల్చక చంపింది. డాక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరికి ధైర్యం చెప్పడానికో తెలియలేదు.

కనపడలేదు.

ఆవిడే మొదట అరిచారు. బయట నిలబడ్డ సన్యాసిరావు ఆ అరుపు ఏమిటో తెలియక సముద్రంలో పడ్డాడు. వదిన తన మోచేతి మీద నా పేరు చూపించి, దాన్ని ముద్దు పెట్టుకుంది. గంగరాజు మొప్ప గొట్టాన్ని తుడిచి నా చేతికిచ్చి, "ఇంద. నాకెప్పుడూ వొదులుగానే ఉండేది" అన్నాడు. మొదటిసారి వాడి మీద ప్రేమ పుట్టింది. సాయంత్రానికి పోయిందనుకోండి, నాకు ఊపిరి పట్టడం తనే నేర్పించానని ఊరంతా చెప్పుకున్నాడు.

కార్తీకానికి ముందు. లోతు: నలభై బారలు.

నలభై! అంకె పెద్దదిగా రాసాను.

మొప్ప తగిలించగానే వదిన నెత్తురు వెచ్చగా భుజంలోకి వచ్చింది. నాది ఆమెలోకి వెళ్ళింది, శుభ్రంగా. దిగుతున్నంతసేపూ ఇద్దరి గుండెలూ ఒకేలా కొట్టుకున్నాయి. అడుగున లంగరు కొక్కెం ఏడాది నాచు పట్టి బిగుసుకుపోయింది. వదిన సుత్తి పట్టింది, నేను గునపం దూర్చాను, ఒక్క ఊపున లేపాం. పైన ఊరంతా ఒక్కసారి కదలడం గొలుసులో తెలిసింది. మూడు వందల ఇళ్ళు, పొయ్యిలు, కోళ్ళు, పైడమ్మత్త ఆకుల డబ్బీ, అన్నీ మా చేతుల్లోంచి బయల్దేరాయి. నీళ్ళలో కేక వేస్తే వినపడదు. అయినా వేసాను.

పైకి తేలుతుంటే ముందుగా మా ఇల్లే కనపడింది, ఎండలో తెల్లగా. ఊరంతా అంచున నిలబడి ఉంది. ఒక్కరి చేతిలో కూడా చిప్ప లేదు. సన్యాసిరావు మాత్రం పళ్ళెం పట్టుకుని ఉన్నాడు, అదే పళ్ళెం. గుమ్మడి బూరెలు, నూనె కారుతూ, వేడివేడిగా.

నా ముఖం చూసి భయపడి పళ్ళెం వెనక్కి దాచుకున్నాడు. "సల్లార్చనా?" అన్నాడు.

"ఇలా తే" అన్నాను.

తడిబట్టలతోనే తెప్ప అంచున కూర్చుని తిన్నాను. వదినకి ఒక్కటి ఇచ్చాను, డాక్టరు గారికి ఒకటి. మిగతావన్నీ నేనే. కింద ఊరు ఉత్తరానికి సాగుతోంది.

కడుపు: ఆకలి. ఇంకా ఉంటే తెమ్మన్నాను.